ముడి లేని వల

బియ్యపుతిప్ప,
4 మే 2025

కుట్లు తీసేశారమ్మా దుర్గా. మీ అమ్మ పొట్ట మీద ఇప్పుడు ఒక్క దారపు పోగు లేదు. నిన్న మధ్యాహ్నం భీమవరంలో తీసేశారు, చీకటి పడకుండా ఇంటికి వచ్చేశాం, తెల్లారి టీ కూడా తాగకుండా ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అక్షరాలు వంకరగా ఉంటే అది సంతోషమే గాని జ్వరం కాదు.

నువ్వు ఫోన్‌లో అడిగే ఉంటావు, ఆవిడ "బాగానే ఉన్నానే" అని ఉంటుంది. పేగు జారి మంచం మీద మెలికలు తిరిగిన రోజు కూడా అదే మాట అంది. అందుకని ఫోన్ మాట ఫోన్‌దే, అసలు సంగతి నేను రాస్తాను. బోటు ఇంజిన్ పక్కన కూర్చుని కూర్చుని నా చెవులు పోయాయని నీకు తెలుసు కదా, ఫోన్ పెట్టుకుంటే ఇప్పటికీ ఆ ఇంజినే వినపడుతుంది. ఉత్తరంలో అయితే నీ గొంతు చక్కగా వినపడుతుంది.

డాక్టరమ్మ చిన్న కత్తెర పెట్టి ఒక్కో కుట్టూ కోసి, పట్టకారుతో లాగింది. మీ అమ్మ కళ్ళు మూసుకుని పట్టిసీమ వీరభద్రస్వామికి మొక్కుకుంది. నేను మాత్రం రెప్ప వెయ్యలేదు. పళ్ళెంలో పడ్డ దారం చూస్తానన్నాను. నర్సమ్మ వద్దంది గాని ముఖం దగ్గర పెట్టి చూపించింది. దుర్గా, అది తంగూసు. మనం గాలానికి కట్టే తంగూసే. కాస్త సన్నం, నలుపు, అంతే తేడా. నీ తండ్రి ఏభై ఏళ్ళు చేపల కోసం పట్టుకున్నదాన్నే వాళ్ళు మనుషులకి వాడుతున్నారు. ఆ మాట బస్సులో పక్కవాడికి కూడా చెప్పాను.

అక్కడే నాకొక అనుమానం పట్టుకుంది. వల చిరిగితే దారంతో కడతాం. ఆ దారం లాగేస్తే చిరుగు మళ్ళీ నోరు తెరుస్తుంది. మరి మీ అమ్మ పొట్ట ఎందుకు తెరుచుకోలేదు? ఇప్పుడు దాన్ని ఏం పట్టుకుని ఉంది? డాక్టరమ్మని అడిగితే పాపం చాలాసేపు చెప్పింది. నాకు పెదాలు కదలడం తెలిసింది గాని మాట తెలియలేదు. బయటికొచ్చి, మీ అమ్మ పెదాలు నాకు అలవాటే కనుక ఆవిడని అడిగితే, "ఏం లేదయ్యా, స్నానం చెయ్యొచ్చంట, గంప ఎత్తొద్దంట" అని తేల్చేసింది. అంతసేపు చెప్పింది అంతేనా అంటే బస్సు వైపు నడక మొదలుపెట్టింది. కుట్ల చోట అడ్డంగా తెల్ల కాగితం పట్టీలు అంటించారు. నీళ్ళలో నానితే ఊడిపోయేలా ఉన్నాయి. వాటి మీద నాకు నమ్మకం లేదు.

వేట నిషేధం కదా, బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి, నాకూ పని తక్కువ. నూలు దారం తీసి ఒక వస్తువు అల్లుతున్నాను. ఏంటో చెప్పను, అయ్యాక రాస్తాను. ముడికి ముడి గట్టిగా పడుతోంది. మీ వెంకన్న బాబాయి నరసాపురంలో అమ్మే మిషన్ వలలాంటిది కాదు. దానికి ముడే ఉండదు, పోగులో పోగు దూర్చి లాగేస్తుంది మిషను. ముడి లేనిది వలేనా అని నేను పదిమందిలో అన్నందుకే కదా వాడు మన గుమ్మం తొక్కడం మానేశాడు. నా మాట మాత్రం అదే.

నా మనవరాలు జానుకి అమ్మవారు తగ్గుముఖం పట్టిందా? గోకనివ్వకు. నా అనుమానం సంగతి తెలిసినవాళ్ళని అడిగి రాయి.

మీ అమ్మ పక్కనే కూర్చుని, "ఏం రాస్తున్నావో చదువు" అంటోంది. చదవను.

నాన్న


సామర్లకోట,
9 మే 2025

నాన్నా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను, నవ్వాను, మళ్ళీ చదివాను. తంగూసు మాట మీ అల్లుడికి చదివి వినిపిస్తే డ్యూటీకి వెళ్తూ రైల్వే గేటు దగ్గర అందరికీ చెప్పారట.

జాను ఒళ్ళంతా ఇంకా పొక్కులే. వేపాకు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నీళ్ళు పోసేదాకా గుమ్మం దాటకూడదని మా అత్తగారు గట్టిగా చెప్పారు, పైగా జానుని పట్టుకున్న ఈ చేతులతో పుండు ఉన్న మనిషి దగ్గరికి రావడం నాకే భయం. లేకపోతే ఈపాటికి అమ్మ మంచం పక్కన ఉండేదాన్ని. ఇంత దగ్గరలో ఉండి రాలేకపోవడం ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు.

నీ అనుమానం మా అంగన్‌వాడీకి వచ్చే నర్సుగారిని ఫోన్‌లో అడిగాను. చర్మం దానంతట అదే అతుక్కుంటుందట నాన్నా. దారం అంతవరకూ రెండు అంచులనీ దగ్గరగా పట్టుకోవడానికే. మన ఒళ్ళు వల కాదు, దానికి ప్రాణం ఉంది. కాగితం పట్టీలు ఊడితే ఊడనియ్యి, నువ్వు లాగొద్దు, మళ్ళీ అంటించొద్దు. సబ్బునీళ్ళతో మెల్లగా కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి. పసుపు, కొబ్బరినూనె, ఎవరో చెప్పిన పసరు, ఏదీ పుయ్యొద్దు. ఎర్రగా కాలినట్టుంటే, చీము కారితే, జ్వరం వస్తే వెంటనే భీమవరం తీసుకెళ్ళు. మళ్ళీ తెరుచుకుంటే మళ్ళీ కుట్టాల్సి రావచ్చంది. అమ్మ ఇంకోసారి ఆ బల్ల ఎక్కకూడదు.

ఇంకో మాట. డాక్టరమ్మ పొట్టకి బెల్టు పెట్టుకోమందట, అమ్మ ఉక్కగా ఉందని పెట్టుకోవట్లేదట. ఫోన్‌లో తనే నోరు జారింది. దగ్గరుండి పెట్టించు. చీర మీద వదులుగా కాదు, ఒంటికి పట్టినట్టు ఉండాలి.

జాను నీకు బొమ్మ వేసింది. బోటు, దాని మీద నువ్వు, ఒళ్ళంతా చుక్కలు. నీకూ అమ్మవారు పోసిందట.

నీ దుర్గ


బియ్యపుతిప్ప,
14 మే 2025

అమ్మా దుర్గా,

బొమ్మ గోడకి అంటించాను. నాకంటే బోటు బాగుంది.

నువ్వు బెల్టు అని రాశావు చూడు, నాకు ఒళ్ళు పులకరించింది. నేను అల్లుతున్న వస్తువు అదే. ఆస్పత్రి బెల్టు రబ్బరుది, ఈ ఎండల్లో అది పెట్టుకుంటే మనిషి ఉడికిపోతుంది. అందుకని నూలు వల అల్లి, రెండు వైపులా తాళ్ళు పెట్టాను. గాలికి గాలి, బిగువుకి బిగువు. జానెడు వెడల్పు, ముడి ముడీ గోటితో లాగి చూశాను. మొదట చీర మీద కట్టాను. నువ్వు ఒంటికి పట్టినట్టు ఉండాలన్నావు కనుక విప్పి లోపల ఒంటి మీదే కట్టాను. మీ అమ్మ, "నన్ను పండుగప్ప అనుకున్నావేంటి, తూకం కూడా వేస్తావా" అంది. అన్నా కట్టుకుంది. ఆవిడకి ఇష్టం లేకపోతే నేను కట్టగలనా చెప్పు.

కాగితం పట్టీలు స్నానంలో ఒక్కొక్కటీ ఊడిపోయాయి. నువ్వు ముందే రాయబట్టి సరిపోయింది గాని, లేకపోతే నేను గమ్ము తెచ్చి అంటించేవాణ్ణి. పట్టీల కింద గీత సన్నగా, గులాబీ రంగులో, కొత్తగా పుట్టిన రొయ్య వీపులా ఉంది. రోజూ పొద్దున్నే దాన్ని చూడకపోతే నాకు టీ దిగడం లేదు. మీ అమ్మ, "పెళ్ళైన కొత్తలో కూడా ఇంత ఇదిగా చూడలేదు" అంటోంది.

రెండు వింతలు కనిపెట్టాను. ఒకటి, గీత కింద మెల్లగా తడిమితే లోపల గట్టిగా తగులుతోంది. ఏదో మర్చిపోయి కుట్టేశారేమో అని మీ అమ్మతో అంటే, "ఉండనియ్యి, నీకెందుకు" అని మొహం తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం నాకు నచ్చలేదు. రెండోది ఇంకా వింత. గీతకి రెండు పక్కలా చిన్న చిన్న ఎర్ర చుక్కలు వచ్చాయి. ఎలా పడితే అలా కాదు, వరసగా, చుక్కకీ చుక్కకీ సమానంగా ఎడం. దురద కూడా ఉందట. పుండు మానేటప్పుడు దురద పెడుతుందని మా అమ్మ అనేది. మన ఒంటికి ప్రాణం ఉందన్నావు కదా, లోపల అదే కొత్త అల్లిక వేసుకుంటోందా ఏంటి? నాకైతే అలాగే తోచింది. అడిగి రాయి.

సుబ్బాయమ్మ బాలింతలకి పెట్టే పాలసొర పుట్టు చేసి పట్టుకొచ్చింది. ఇద్దరూ ముప్ఫై ఏళ్ళు పక్కపక్కనే గంపలు మోశారు కదా, ఆవిడకి మీ అమ్మ లేకపోతే బజార్లో తోచడం లేదట. మీ అమ్మ చూసి, "నాకేమన్నా పురుడొచ్చిందా" అంది. అంటూనే గిన్నె ఖాళీ చేసింది. "నిషేధం అయ్యేసరికి వస్తావా అప్పాయమ్మా" అని సుబ్బాయమ్మ అడిగితే, వస్తానని తల ఊపింది. నేను చూడలేదనుకుంది.

అల్లుడుగారికి నా నమస్కారం. జానుకి ముద్దులు, పొక్కులు లేని చోట.

నాన్న


బియ్యపుతిప్ప,
18 మే 2025

దుర్గా,

ఇది చిన్న ఉత్తరం. గీతకి ఎడమ చివర, వడ్లగింజంత మేర తెరుచుకుంది. నీళ్ళలాంటిది వస్తోంది. వాసన లేదు, జ్వరం లేదు. రేపు మొదటి బస్సుకి భీమవరం వెళ్తున్నాం. నీకు చెప్పొద్దని మీ అమ్మ ఒట్టు పెట్టించుకోబోయింది, వినపడనట్టు ఊరుకున్నాను.

గంప ఎత్తావా అని అడిగాను. లేదంది. ఎండు మెత్తళ్ళ గంప అరుగు మీద నుంచి లోపలికి వచ్చి ఉంది. అది నడిచి రాదు కదా. మళ్ళీ అడిగితే, "జరిపాను, ఎత్తలేదు" అంది.

తంగూసు తీసేశారు, పట్టీలు పోయాయి, ఇప్పుడు నాకు ధైర్యం నేను అల్లిన వలే. దాన్ని ఇంకాస్త బిగించి కట్టాను. నువ్వు కంగారు పడకు. నేను పడుతున్నాను, సరిపోతుంది.

నాన్న


సామర్లకోట,
19 మే 2025

నాన్నా,

నీ పద్నాలుగో తేదీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. వల బెల్టు దగ్గర నవ్వుతూ ఉన్నాను, ఎర్ర చుక్కలు అన్న చోట నవ్వు ఆగిపోయింది. చుక్కలు, దురద. నాన్నా, అది అమ్మవారు. మా ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ నేను చూస్తున్నది అదే. జాను ఆ బొమ్మ మంచం మీద కూర్చుని, పొక్కుల చేతులతో వేసింది. నేను దాన్ని మడిచి నీకు పంపించాను. నా చేతులతో నేనే మా అమ్మకి పంపించాను.

మీ అల్లుడు ఉత్తరాల్లో అలా రాదంటున్నారు. ఆయనకేం తెలుసు. అమ్మకి ఫోన్ చేశాను. "చుక్కలూ లేవు, ముగ్గులూ లేవు, మీ నాన్నకి చెవులతో పాటు కళ్ళు కూడా పోయాయి" అంది. ఎక్కడున్నావంటే ఇంట్లోనే అంది, వెనకాల బస్సు హారన్ వినపడింది. ఫోన్ పెట్టేసింది.

మీరిద్దరూ నాకేం చెప్పట్లేదు. అమ్మ అంతా బాగుందంటుంది, నువ్వు అంతా వింతగా ఉందంటావు. బాగుండటానికీ వింతకీ మధ్య ఏం జరుగుతోందో నాకు తెలియట్లేదు. ఆ బొమ్మ గోడ మీద నుంచి తీసి కాల్చెయ్యి. చేతులు కడుక్కో. వెంటనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళు. లోపల గట్టిగా ఉన్నదేంటో కూడా అడుగు. ఈసారి అమ్మని అడగొద్దు, డాక్టరమ్మనే అడుగు, వినపడకపోతే రాసిమ్మని అడుగు.

ఒక్క ముక్క రాసినా చాలు. మళ్ళీ కుట్టారా?

దుర్గ


బియ్యపుతిప్ప,
23 మే 2025

వల ఉందమ్మా దుర్గా, మీ అమ్మ కడుపులో వల ఉంది.

మళ్ళీ కుట్టలేదు. కుట్టక్కర్లేదంది. ఆ మాట ముందు రాయాలి, కానీ చెయ్యి ఆ వల దగ్గరికే పరిగెత్తింది. నువ్వు కుర్చీలో కూర్చుని చదువు, వరసగా చెప్తాను.

భీమవరంలో డాక్టరమ్మ చీర పక్కకి తీసి చూసింది. తర్వాత నా బెల్టు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, ఒక్కో ముడినీ పొట్ట మీది ఒక్కో ఎర్ర చుక్కకి ఆనించి చూపించింది. సరిగ్గా సరిపోయాయి. అమ్మవారు కాదు, అల్లిక అంతకంటే కాదు. నా ముడులమ్మా. చెమటకి తడిసి, బిగిసి, ఒంట్లోకి నొక్కుకున్నాయి. చివర ముడి గీత మీదే కూర్చుని దాన్ని ఒరిసి తెరిచింది. ఆ పైన నేను ఇంకా బిగించాను. చుట్టూ నర్సమ్మలు చేరారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. డాక్టరమ్మ మాత్రం బెల్టు తిప్పి తిప్పి చూసి, చేతితో బాగుందని చూపించింది. బనియన్ గుడ్డ మీద కట్టి ఉంటే ఇదంతా వచ్చేది కాదందని నర్సమ్మ నా చెవిలో అరిచి చెప్పింది. తెరుచుకున్నది పైపైనే, రోజూ కడిగి, శుభ్రమైన గుడ్డ అంటిస్తే లోపల నుంచి అదే నిండుతుందట. మాత్రలు రాసింది. ఇవాళ చూశాను, వడ్లగింజ ఆవగింజ అయింది.

బొమ్మ సంగతి కూడా అడిగాను, నీ ఉత్తరం రాకముందే. గోడ మీద చుక్కలు, పొట్ట మీద చుక్కలు, నాకు మాత్రం అనుమానం రాదా? కాగితం మడిచి పంపితే నాలుగు రోజుల తర్వాత అందులోంచి రాదట. పైగా మీ అమ్మకి చిన్నప్పుడే పోసింది, చెవి వెనక మచ్చ ఇప్పటికీ ఉంది. అందుకని బొమ్మ కాల్చలేదు. నువ్వు కూడా ఆ దిగులు కాల్చెయ్యి.

ఇక అసలు సంగతి. లోపల గట్టిగా తగులుతున్నదేంటి అని అడిగాను. చెప్పబోతే చెవి చూపించాను. అప్పుడు డాక్టరమ్మ కాగితం తీసుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. ఆ కాగితం నా జేబులోనే ఉంది. "పేగు జారిన చోట లోపల వల పెట్టి కుట్టాం. కండ ఆ వల కన్నుల్లోంచి పెరిగి దాన్ని పట్టుకుంటుంది. అది ఎప్పటికీ అక్కడే ఉంటుంది."

నేను మూడుసార్లు చదివాను. తర్వాత మీ అమ్మ వైపు చూశాను. ఆవిడ పైన ఫ్యాన్ చూస్తోంది.

"నీకు తెలుసా" అన్నాను.

"మొదటి రోజే చెప్పారు."

"నాకెందుకు చెప్పలేదు?"

నాకు వినపడాలని గట్టిగా అరిచింది, వార్డంతా విన్నారు. "చెప్తే ఏ నూలు, ఏ కన్ను, ఎవడల్లాడు అని అడుగుతావు. బాగోలేదని తేలిస్తే విప్పించి నువ్వే అల్లుతానంటావు."

దుర్గా, మొగుణ్ణి ఎంత చదివేసిందో చూడు. నేను అడగబోయింది అదే. డాక్టరమ్మకి అర్థమై, గడువు తేదీ దాటిపోయి వాడకుండా ఉంచిన అలాంటి వల ఒకటి కవరులోంచి తీసి నా చేతిలో పెట్టింది. తెల్లగా, మెత్తగా ఉంది. కన్నులు ఎంత చిన్నవంటే మెత్తళ్ళ పిల్ల కూడా దూరదు. వెలుగుకి పట్టుకుని ముడి కోసం వెతికాను. గోటితో గీరాను, పంటితో కూడా చూడబోతే నర్సమ్మ చెయ్యి పట్టుకుంది. ముడి లేదు. ఒక్కటంటే ఒక్క ముడి లేదు. పోగులో పోగు దూర్చి లాగిన అల్లిక. మిషన్‌ది.

ముడి లేదు కనుకనే లోపల ఒరుసుకోదట, ఎక్కడా గుచ్చుకోదట. అది కూడా కాగితం మీద రాసింది.

నేను ఆ వల పట్టుకుని అలాగే బల్ల మీద కూర్చుండిపోయాను. ఒకప్పుడు మన పాత వల ఒకటి ఉప్పుకాలవలో మునిగిపోతే వదిలేశాం, నీకు గుర్తుండదు. రెండేళ్ళకి పైకి లాగబోతే రాలేదు. కన్ను కన్నులోంచీ ఆల్చిప్పలు పట్టి, నాచు పెరిగి, ఏది వలో ఏది కాలవో తెలియకుండా అయిపోయింది. మీ అమ్మ లోపల ఇప్పుడు అలా అవుతోందన్నమాట. ఇంకొన్నాళ్ళకి ఏది వలో ఏది అప్పాయమ్మో ఎవరూ చెప్పలేరు. కుట్లు లాగేశాక పొట్టని ఏం పట్టుకుందని నిన్ను అడిగాను చూడు, సగం నువ్వు రాశావు, సగం నా చేతిలో పెట్టింది డాక్టరమ్మ.

గంప సంగతి మాత్రం తేలిపోయింది. డాక్టరమ్మ ఇంకో నెల వరకూ బిందె కూడా ఎత్తొద్దంది, గంప నెత్తికి ఎప్పటికీ వద్దంది. మీ అమ్మ బస్సులో నరసాపురం దాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. దిగాక, "సుబ్బాయమ్మ మోస్తుంది, నేను కూర్చుని బేరం చేస్తాను. దానికి బేరం రాదు, నాకు మోత రాదు, సరిపోతుంది" అంది. ఎలా అందో నీకు చెప్పలేను. ఏడుపు లేదు. వీరభద్రస్వామికి మొక్కు మాత్రం తీర్చాలంటోంది. పట్టిసీమ రేవు దాకా బస్సులో, అక్కడి నుంచి పడవలో నేను తీసుకెళ్తాను. నువ్వూ జానుకి నీళ్ళు పోశాక రా.

నా బెల్టు పారెయ్యమంటే మీ అమ్మ పారెయ్యనివ్వలేదు. ఉతికి ఉల్లిపాయలు వేసి దూలానికి వేలాడదీసింది. గాలి బాగా ఆడుతోందట.

నాన్న

సంతకం పెట్టాక గుర్తొచ్చింది, ఈ సంగతి చెప్పాల్సినవాళ్ళు ఉన్నారు. ముందు అల్లుడుగారికి, గేటు దగ్గర మిగతావాళ్ళకి ఆయనే చెప్తారు. మీ మాణిక్యాంబ మేనత్తకి, కుట్లు విప్పితే పొట్ట తెరుచుకుంటుందని నన్ను మొదట భయపెట్టింది ఆవిడే. కాకినాడలో మీ త్రిమూర్తులు మామయ్యకి, గట్టిగా చెప్పు, చెల్లెలి మాటంటే వాడికి కంగారు. నాగదుర్గ పిన్నికి, కానీ బెల్టు ముక్క వదిలేసి చెప్పు, ఆవిడ నవ్వితే ఆగదు. జానుకి, అమ్మమ్మ కడుపులో వల ఉందని, అందులో చేపలు లేవని. మీ అత్తగారికి నా నమస్కారంతో పాటు. వెంకన్న బాబాయికి మాత్రం నువ్వు ఫోన్ చెయ్యకు, ఎవరినీ చెప్పనివ్వకు. సోమవారం నరసాపురం వెళ్ళి, వాడి కొట్టులో పదిమంది ఉన్నప్పుడు చూసి, నేనే చెప్తాను.